వాకిటి కారు – వత్సరపు ఖర్చు

ఎడ్లజతను కొనబోవు రైతు సంతలో ధర మాత్రమే అడిగి ఊరకుండడు. ఎద్దు నోరు తెఱచి పండ్లు చూచును. అది ఇంక ఎన్ని యేండ్లు అరక లాగగలదో, వయసు మళ్లిన పిమ్మట అదే సంతలో ఎంతకు పలుకునో మనస్సులోనే లెక్క వేసికొనును. ఇంటనున్న వరిగడ్డి చాలునా, చిట్టు, తవుడు, తెలకపిండి కొనవలసి వచ్చునా, నాడాలు కొట్టించుటకు ఏడాదికెంత అగును అని ఆలోచించును. ఎద్దు పని చేసినను చేయకున్నను మేత మేయునని వానికి తెలియును. ఇంత తెలిసిన రైతు కుమారుడే పట్టణమునకు వచ్చి కారు కొనునపుడు తఱచుగా అడుగు ప్రశ్న ఒక్కటే: "లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చును?"

ఆ ప్రశ్న తప్పు కాదు. కాని అది మేతను గూర్చిన ప్రశ్న మాత్రమే. కారునకగు ఖర్చు రెండు విధములు. బండి కదలినపుడు మాత్రమే అగునవి కొన్ని: పెట్రోలు, టైర్ల అరుగుదల, దారిసుంకము మొదలగునవి. వీనిని నడక ఖర్చులు అనవచ్చును. బండి కదలినను కదలకున్నను కాలము గడచినకొలది అగునవి మఱికొన్ని: బీమా, అప్పుపై వడ్డీ, విలువలో తరుగుదల. ఇవి నిలకడ ఖర్చులు. నడక ఖర్చులు దినదినము కంటబడును. పెట్రోలు బంకు దగ్గఱ నిలిచినప్పుడెల్ల జేబు తడుముకొనవలసి వచ్చును. నిలకడ ఖర్చులు చాటుననుండి పనిచేయును. వానిలో మిక్కిలి పెద్దదానికి బిల్లు తెచ్చువాడు లేడు, రసీదు ఇచ్చువాడును లేడు.

విషయము స్పష్టమగుటకు ఒక కుటుంబమును ఉదాహరణముగా ఊహింపవచ్చును. తెనాలి పట్టణమున ఒక ఉపాధ్యాయుడు, ఆయన భార్య, ఎనిమిదవ తరగతి చదువుచున్న కుమార్తె, డెబ్బదియెనిమిదేండ్ల తల్లి నివసించుచున్నారు. ఆ వృద్ధురాలికి గుండెజబ్బు. నెలకు రెండు పర్యాయములు, సుమారు 30 కిలోమీటర్ల దూరముననున్న గుంటూరులోని ఆసుపత్రికి ఆమెను తీసికొనిపోవలెను. ఇంతవఱకు అద్దెకారులోనే పోయి వచ్చుచుండిరి. మాఘమాసమున ఒక రాత్రి ఆమెకు ఊపిరాడలేదు. 108 నంబరునకు ఫోను చేయగా అంబులెన్సు వచ్చెను. ప్రాణవాయువు పెట్టి గుంటూరు చేర్చిరి, అపాయము తప్పెను. చిక్కు వచ్చినది ఆ రాత్రి కాదు, నెల దినముల తరువాత. పరీక్షలకై పోయిన దినమున రాత్రి పదకొండు గంటలకు గాని పని ముగియలేదు. తీసికొనివచ్చిన అద్దెకారు వేఱొక బేరముపై వెళ్లిపోయెను; మఱియొకటి దొరకలేదు. వృద్ధురాలు తెల్లవారువఱకు ఆసుపత్రి వరండాలోని చెక్కబల్లపై కూర్చుండెను. మఱునాడు ఇల్లు చేరగానే ఉపాధ్యాయుడు, "ఇక కారు కొనవలసినదే" అనెను.

ఇచట ఒక మాట చెప్పవలసియున్నది. ప్రాణము మీదికి వచ్చినపుడు సొంతకారు కంటె అంబులెన్సే మేలు. అందు ప్రాణవాయువు ఉండును, శిక్షణ పొందిన మనిషి ఉండును. సొంతకారు అక్కరకు వచ్చునది ఆ చెక్కబల్ల వంటి సందర్భములందే.

ఉపాధ్యాయుడు చూచివచ్చిన కారు దుకాణమున 6,60,000 రూపాయలు. దానిపై జీవిత పన్ను కట్టవలెను. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను సొంతకారునకు ఈ పన్నును బండి ధరనుబట్టి శాతముగా లెక్కించి, రిజిస్ట్రేషను నాడే ఒక్కసారిగా కట్టించుకొందురు. అది ధరలో పది శాతమునకు మించియుండును. దానికి రిజిస్ట్రేషను రుసుము, మొదటి బీమా చేరగా బండి వాకిటికి వచ్చునప్పటికి 8,00,000 రూపాయలగునని తేలినది. పైన చేరిన 1,40,000 రూపాయలలో ఒక్క రూపాయయైనను ఇనుము గాని రబ్బరు గాని కాదు. కుటుంబము కడ నిలువయున్నది 2,00,000 రూపాయలు. తక్కిన 6,00,000 బ్యాంకు అప్పు. వడ్డీ నూటికి 9 చొప్పున అఱువది నెలల వాయిదా 12,455 రూపాయలు.

ఉపాధ్యాయుని లెక్క సులభముగానే యుండెను. ఏడాదికి 8,000 కిలోమీటర్లు తిరుగుదుమని ఆయన యంచనా. నెలకు పెట్రోలు 4,600 రూపాయలు, బ్యాంకు వాయిదా 12,455. "అయిదేండ్లు ఓర్చుకొన్నచో వాయిదాలు తీరిపోవును. ఆ తరువాత పెట్రోలు ఖర్చే గదా!" అని ఆయన భార్యతో ననెను. ప్రక్కన కూర్చుండి లాభనష్టముల లెక్కలు చేసికొనుచున్న కుమార్తె తలయెత్తి, "నాన్నగారూ, పదేండ్ల తరువాత ఈ కారును ఎవరైన కొందురా? ఎంతకు కొందురు?" అని అడిగెను. ఆయన యొద్ద సమాధానము లేదు.

ఆ ప్రశ్నయే అన్నిటికంటె ముఖ్యమైనది. కారు ఇల్లు వంటి ఆస్తి కాదు, బంగారము వంటిదియు కాదు. కొన్ననాటినుండి దాని విలువ తరుగుచుండును. బీమా సంఘములు బండి విలువను నిర్ణయించుటకు వాడు పట్టికను చూచినచో ఈ తరుగుదల ఎంత వడిగా జరుగునో తెలియును. ఆరు నెలలు నిండకమునుపే విలువలో 5 శాతము, ఏడాది లోపల 15 శాతము, రెండవ యేట 20, మూడవ యేట 30, నాలుగవ యేట 40, అయిదవ యేట 50 శాతము తీసివేయుదురు. అనగా అయిదేండ్ల వయస్సు వచ్చునప్పటికి కాగితముపై సగము బండియే మిగులును. అప్పటికి బ్యాంకు వాయిదాలును సరిగా ముగియును. "ఇప్పటికి కారు మనదైనది" అని సంతోషించునాటికి దానిలో సగము వెళ్లిపోయి యుండును.

విలువ తగ్గుట యంత్రము అరుగుటచేత మాత్రమే కాదు. ఏటేటా కొత్త నమూనాలు వచ్చును. నిన్నటి బండి నేడు పాతదగును. కొనువానికి మునుపటి యజమాని ఎట్లు నడపెనో తెలియదు గనుక, ఆ సందేహమునకు కొంత ధర తగ్గించును. సొంతకారు రిజిస్ట్రేషను పదునైదేండ్లకే చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి అయిదేండ్ల కొకమాఱు పొడిగించుకొనవలెను. ఆ గడువు దగ్గఱపడినకొలది అడుగువారు తగ్గుదురు.

పెద్దవారు కొందఱు ఈ తరుగుదలను నమ్మరు. దానికి కారణము లేకపోలేదు. 1983 డిసెంబరులో మారుతి 800 కారు వచ్చుటకు పూర్వము మన దేశమున సామాన్యులు కొనదగిన కార్లు అంబాసిడరు, ఫియట్టు వంటి రెండు మూడు రకములే. డబ్బు కట్టి ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. కొత్త బండి దొరకని కాలమున పాత బండికి విలువ తగ్గునా? ఆనాటి అనుభవము కలవారికి కారు ఒక నిలువ ధనమువలె కనబడుట సహజము. నేడు దుకాణమునకు పోయి కొన్ని దినములలో బండి తెచ్చుకొనవచ్చును. కావున పాతదాని కొఱకు ఎదురు చూచువారు లేరు.

ఉపాధ్యాయుడు ఊరిలో పాత కార్లమ్ము వారిని విచారించెను. అట్టి కారు పదేండ్లకు 2,00,000 రూపాయలకు పోవచ్చునని తెలిసెను. ఎనిమిది లక్షలు రెండు లక్షలైనపుడు పోయినది ఆరు లక్షలు. ఏటికి 60,000 రూపాయలు. దినమునకు 164 రూపాయలు. కారు షెడ్డులో నిద్రించుచున్న దినమునను ఈ 164 రూపాయలు పోవుచునే యుండును. ఏ దినమునను ఎవరును వచ్చి అడుగరు. అన్నిటిని కలిపి అమ్మకపు నాడు ఒక్కసారిగా పట్టుకొందురు.

ఇది మన దేశపు వింత కాదు. అమెరికాలో మోటారుబండ్లవారి సంఘమైన అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషను 1950 నుండి ఈ లెక్కను ప్రకటించుచున్నది. ఆ యేట గాలను పెట్రోలు 27 సెంట్లు. కారు ఖర్చంతయు కలిపి మైలునకు 9 సెంట్లు. 2024లో అదే సంఘము కొత్త కారునకు ఏటి ఖర్చు సగటున 12,297 డాలర్లని లెక్క కట్టెను. అందును పెద్ద భాగము పెట్రోలు కాదు, తరుగుదలయే.

వడ్డీ సంగతి చెప్పుటకు ఎక్కువ మాటలు అక్కఱలేదు. అఱువది వాయిదాల మొత్తము 7,47,300 రూపాయలు. తీసికొన్న అప్పు 6,00,000. వడ్డీ 1,47,300. కారు పదేండ్లుండునని దానిని పదింట భాగించినచో ఏటికి సుమారు 15,000. సొంతముగా పెట్టిన రెండు లక్షలు బ్యాంకులో నుండినచో వచ్చెడి వడ్డీని కూడ లెక్కింపవలసినదే. కాని కుమార్తె దానిని వ్రాయబోగా తండ్రి ముఖము చూచి మానెను.

బీమా విషయమున రెండు వేఱు వేఱు వస్తువులు ఒకే కాగితముపై నుండును. మొదటిది ఇతరుల కొఱకైనది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, తన బండి వలన దారినపోవు వారికి కలుగు నష్టమునకు బీమా లేకుండ ఎవడును బండిని రోడ్డుపైకి తేరాదు. సుప్రీంకోర్టు ఆజ్ఞననుసరించి 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కారునకు ఈ బీమా మూడేండ్లకు ఒకేమాఱు తీసికొనవలసి వచ్చినది. దీని రేటు కంపెనీలు తమ ఇష్టము వచ్చినట్లు పెట్టునది కాదు. 2022 జూన్ 1 నుండి అమలుకు వచ్చిన పట్టికలో 1000 నుండి 1500 సి.సి. వఱకు ఇంజను గల సొంతకారునకు ఏటికి 3,416 రూపాయలు. రెండవది తన బండి కొఱకైనది. ఇది విధి కాదు, వివేకము. దీని ప్రీమియము కంపెనీనిబట్టి మారును.

ఈ రెండవ బీమాలో పలువురికి తెలియని మెలికలు రెండున్నవి. ఏడాది పొడవున నష్టపరిహారమేమియు అడుగని వానికి మఱుసటి యేట ప్రీమియములో 20 శాతము తగ్గింపు లభించును. అది వరుసగా 25, 35, 45 శాతములై, అయిదేండ్లు అడుగకున్నచో 50 శాతమగును. ఒక్క పర్యాయము అడిగినచో మెట్లన్నియు దిగిపోవలెను. గోడకు రాచుకొని రంగు పోయినదని 2,000 రూపాయలకై అడిగినవాడు మఱుసటి యేట అంతకంటె ఎక్కువ పోగొట్టుకొనవచ్చును. రెండవ మెలిక: మామూలు పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్కు భాగములు విఱిగినచో వాని వెలలో సగమే ఇత్తురు. నేటి కార్ల ముందుభాగమంతయు ప్లాస్టిక్కే యని జ్ఞాపకముంచుకొనవలెను. అన్నియు కలిపి ఉపాధ్యాయుని కుటుంబము బీమాకు సగటున ఏటికి 12,000 వ్రాసికొనెను.

ఇక పోషణము. ఇంజనులోని ఇనుప భాగములు ఒకదానితోనొకటి ఒరసికొనకుండ వాని నడుమ పలుచని నూనె పొర యుండును. ఆ నూనె వేడికి మాగి, మసి చేరి, జిగి కోల్పోవును. అందుచేత సాధారణముగా 10,000 కిలోమీటర్లకు గాని ఏడాదికి గాని, ఏది ముందు వచ్చిన దానికి, నూనెను ఫిల్టరును మార్పింపవలెనని తయారుచేయు వారు చెప్పుదురు. వెయ్యి కిలోమీటర్లే తిరిగిన కారైనను ఏడాది నిండగానే మార్పింపవలసినదే. టైర్లు నలువది యేబది వేల కిలోమీటర్లు వచ్చును; కాని గాలి తక్కువగా నున్నచో అంచులు అరిగి అంతకు ముందే పోవును, పెట్రోలును ఎక్కువ తాగును. నెలకొకమాఱు గాలి చూచుకొనుటకు అయిదు నిమిషములు చాలు. నాలుగు టైర్ల వెల 22,000. బ్యాటరీ నాలుగేండ్లకు 5,600. బ్రేకు రేకులు, క్లచ్చి, దీపములు, ఏ.సి. గ్యాసు వంటివి ఎప్పుడు ఏది అడుగునో చెప్పలేము.

కదలని కారు కూడ చెడునని వినినచో ఆశ్చర్యము కలుగవచ్చును. బ్యాటరీ వాడకున్నను మెల్లగా దిగిపోవును. ఎండకు టైరు రబ్బరు గట్టిపడి పగుళ్లు వచ్చును. వారముల తరబడి ఒకే చోట నిలిచినచో బరువు మోయుచున్న భాగము చదునగును. మన యూళ్లలో వీనన్నిటికంటె పెద్ద శత్రువు ఎలుక. వెచ్చని ఇంజను ప్రక్క గూడు కట్టుకొని వైర్లను కొఱికివేయును. ఆ వైర్ల కట్టను మార్చుటకు మెకానికు వేలకు వేలు అడుగును. కొందఱు పొగాకు కాడలు పెట్టుదురు. ఎలుకలు వెఱచునో లేదో గాని వారానికి రెండు మాఱులు బండిని కదిలించుటయే నమ్మదగిన ఉపాయము.

సర్వీసింగునకు 8,000, టైర్లకు ఏటి వంతు 4,400, బ్యాటరీకి 1,400, మరమ్మతులకు 4,200. మొత్తము 18,000 రూపాయలు. పెట్రోలు లీటరు 110 రూపాయల చొప్పున, లీటరుకు 16 కిలోమీటర్ల లెక్కన, 8,000 కిలోమీటర్లకు 500 లీటర్లు, 55,000 రూపాయలు. కడుగుడు, పంక్చరు, కాలుష్య పరీక్ష పత్రము, దారిసుంకము 6,000. తెనాలినుండి గుంటూరునకు పోవువారిని సుంకము పెద్దగా బాధింపదు గాని, విజయవాడనుండి హైదరాబాదు పోవు దారిలో చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి గేట్లు వరుసగా పలకరించును. 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగు లేని బండి జాతీయ రహదారిపై రెట్టింపు చెల్లింపవలసి వచ్చినది. 2025 ఆగస్టు 15న సొంతకార్లకు మూడువేల రూపాయలతో ఏడాదికి 200 గేట్లు దాటు పాసు వచ్చినది. నెలనెల హైదరాబాదు పోవువారికి అది లాభము. ఏడాదికి రెండు మాఱులు పోవువారికి కాదు.

కుమార్తె అన్నిటిని కూడెను. తరుగుదల 60,000, వడ్డీ 15,000, బీమా 12,000, పోషణము 18,000, పెట్రోలు 55,000, చిల్లర 6,000. వెరసి 1,66,000 రూపాయలు. పెట్రోలు అందులో మూడవ వంతు మాత్రమే. కిలోమీటరునకు పెట్రోలు ఏడు రూపాయలనుకొన్న తండ్రికి అసలు ఖర్చు దాదాపు 21 రూపాయలని తేలినది.

బండి వెల తగ్గినంత మాత్రమున ఈ చిక్కు తీరదు. 2009లో లక్ష రూపాయల కారని పేరుపొందిన నానో వచ్చినపుడు దేశమంతయు దానినిగూర్చి చెప్పుకొనెను. కారు వెల తగ్గెను. కాని దానిలో పోయు పెట్రోలు వెల, దానికై కట్టు దారిసుంకము ఆ పాళ్లలో తగ్గలేదు గదా! విద్యుత్తుతో నడచు కార్ల సంగతి తలక్రిందులు: నడక ఖర్చు తక్కువ, ఇంజను నూనె అక్కఱయే లేదు; కాని మొదటి వెల ఎక్కువగుటచే నిలకడ ఖర్చు పెరుగును. విరివిగా తిరుగువారికి అది లాభము కావచ్చును.

ఇంతలో తల్లి గోడనున్న క్యాలెండరును తెచ్చి కుమార్తె ముందు పెట్టెను. పాలు రాని దినములు, గ్యాసుబండ వచ్చిన తేదీలతో పాటు అద్దెకారు తెప్పించిన దినములను కూడ ఆమె అందు వ్రాసి యుంచుట వాడుక. కుమార్తె గడచిన ఏడాది పుటలన్నియు త్రిప్పెను. గుంటూరు ఆసుపత్రికి 24 మాఱులు, ఊరిలోని తిరుగుడుతో కలిపి మాఱునకు 70 కిలోమీటర్లు, 1,680 కిలోమీటర్లు. పెండ్లిండ్లు, పండుగలు, ఒక తిరుపతి యాత్ర కలిపి 1,300. మొత్తము 2,980. తండ్రి చెప్పిన ఎనిమిది వేలు ఎచటను లేవు. ఆయన బడి ఇంటికి నాలుగు వీథుల దూరము, నడచియే పోవును.

ఏడాదికి మూడువేల కిలోమీటర్లే తిరిగినచో ఏమగును? పెట్రోలు 20,600కు దిగును. చిల్లర 3,000 అగును. పోషణము కొంచెము తగ్గి 16,000 అగును. తక్కువ తిరిగిన బండికి అమ్మకమున కొంచెము ఎక్కువ వచ్చుననుకొని తరుగుదలను 56,000గా వేసికొనవచ్చును. బీమా, వడ్డీ అంగుళమైనను కదలవు. మొత్తము 1,22,600. కిలోమీటరునకు సుమారు 41 రూపాయలు! అద్దెకార్లకు ఆ యేట వారిచ్చినది ఎంత? గుంటూరు ప్రయాణమునకు 1,800 చొప్పున 43,200. దూరప్రయాణములకు డ్రైవరు బత్తాతో కలిపి కిలోమీటరునకు 18 చొప్పున 23,400. మొత్తము 66,600 రూపాయలు.

అద్దెకారు యజమానికి లాభము, డ్రైవరునకు కూలి పోను కూడ సొంతకారు కంటె అద్దెకారు చవుక యగుట ఎట్లు? అతని కారునకును బీమా కలదు, వడ్డీ కలదు, తరుగుదల కలదు. కాని అతడు దానిని ఏడాది పొడవున తిప్పును. నిలకడ ఖర్చును వేల కిలోమీటర్లపై పంచివేయును. ఒక కుటుంబము ఒంటరిగా మోయు బరువును అతని కారులో నూఱు కుటుంబములు తలకొంత మోయుచున్నవి.

ఇంటిలో కొంతసేపు ఎవరును మాటాడలేదు. కొత్తకారునకు అద్దెకారు కంటె ఏటికి 56,000 రూపాయలు ఎక్కువ. అది కుమార్తె చదువునకై దాచుకొను సొమ్ముతో సమానము. వృద్ధురాలు మంచముపైనుండి, "నా కోసము ఏటా అంత పోయవద్దు నాయనా. ఆ బల్ల గట్టిగానే యున్నది, ఇంకొక రాత్రి కూర్చుండగలను" అనెను. కొడుకునకు ఆ మాట లెక్కలకంటె కష్టముగా తోచెను.

అప్పుడు తల్లి పాతకారు మాట ఎత్తెను. ఆరేండ్ల వయస్సుగల కారు, యాజమాన్యము మార్పించు ఖర్చుతో కలిపి 3,00,000 రూపాయలకు దొరకునని విచారింపగా తెలిసినది. దాని తరుగుదలలో పెద్ద భాగమును మొదటి యజమాని అప్పటికే భరించి యుండెను. ఆరేండ్లుంచుకొని 1,20,000కు అమ్మినచో పోవునది ఏటికి 30,000. అప్పు లక్షయే, నూటికి 12 చొప్పున మూడేండ్లకు వడ్డీ 19,600, ఆరేండ్లకు పంచగా ఏటికి 3,300. బీమా 8,000. పాతబండి గనుక పోషణము 22,000కు పెరుగును. లీటరుకు 14 కిలోమీటర్లే వచ్చిన పెట్రోలు 23,600. చిల్లర 3,000. మొత్తము 89,900 రూపాయలు.

అద్దెకారునకును దీనికిని భేదము 23,300. నెలకు రెండువేలకు కొంచెము తక్కువ. ఇప్పుడు ప్రశ్న తేటపడినది. కారు చవుకయా ప్రియమా అని కాదు; రాత్రి పదకొండు గంటలకు ఆసుపత్రినుండి ఇంటికి రాగలుగుట నెలకు రెండువేల రూపాయలు చేయునా అని. మొదటినుండి తరుగుదలను, వడ్డీని లెక్కింపకున్నచో ఈ ప్రశ్న వారికి కనబడియుండెడిది కాదు. ఉపాధ్యాయుడును ఆయన భార్యయు చేయునని నిశ్చయించిరి.

పాతకారు కొనుటయందు జాగ్రత్తలు వేఱు. తెనాలి ప్రాంతమువారు ముఖ్యముగా గమనింపవలసినది ఒకటి కలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు అనేకము నీట మునిగెను. వానితోపాటు బండ్లును మునిగెను. మునిగిన బండిని కడిగి తుడిచి అమ్మినచో పైకి తెలియదు. కావున ఉపాధ్యాయుడు తీసికొనివెళ్లిన మెకానికు మొదట ఇంజను చూడలేదు. సీటు బెల్టును చివరవఱకు లాగి బురద చాఱ యున్నదేమోనని చూచెను. నేలపై పఱచిన గుడ్డ నెత్తి వాసన చూచెను. సీట్ల క్రింది ఇనుప పట్టాలపై త్రుప్పుకై వ్రేలు పెట్టి రుద్దెను. పిమ్మట టైరు ప్రక్కనున్న నాలుగంకెలను చదివెను. వానిలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపును. 3519 అని యున్నచో 2019వ సంవత్సరము ముప్పదియైదవ వారమున చేసిన టైరు. ముప్పదివేల కిలోమీటర్లే తిరిగినట్లు మీటరు చూపుచున్న బండికి అప్పుడే రెండవ జత టైర్లున్నచో మీటరును సందేహింపవలెను. ఆ విధముగా రెండు బండ్లను వదలి మూడవదానిని కుదుర్చుకొనిరి. యాజమాన్యము మార్చు 29, 30 ఫారములపై సంతకములైన పిదపనే పూర్తి సొమ్ము చేతికిచ్చిరి. అమ్మినవానికి బీమాలో సంపాదించిన తగ్గింపు కారుతోపాటు రాలేదు. అది మనిషిది గాని బండిది కాదు.

కారు వాకిటికి వచ్చిన దినమున నాయనమ్మ హారతి యిచ్చెను. నిమ్మకాయలు చక్రముల క్రింద నలిగెను. కుమార్తె ఒక నోటుపుస్తకమును తెచ్చి, కారు ముందరి అరలో పెట్టుటకు ముందు, మొదటి పుటలో ఆ నెల ఖర్చును వ్రాసెను. అప్పటికింకను పెట్రోలు పోయింపలేదు. బండి వీథి మలుపైనను దాటలేదు. మొదటి పంక్తిలో ఆమె వ్రాసినది: తరుగుదల, 2,500 రూపాయలు.